కాలేజీకి మోసుకెళ్లే ల్యాప్‌టాప్‌లో అప్పుడప్పుడూ గేములు కూడా ఆడాలంటే: ఎలా ఎంచుకోవాలి?

కాలేజీకి ల్యాప్‌టాప్ కొనేటప్పుడు చాలామంది లెక్క తలకిందులుగా మొదలవుతుంది. ఆడాలనుకునే గేము ముందు గుర్తొస్తుంది. దానికి తగిన గ్రాఫిక్స్ కార్డు వెతుకుతారు. ఆ కార్డున్న యంత్రం రెండున్నర కిలోలుంటే ‘పర్వాలేదు, మోసుకోవచ్చు’ అని సర్దిచెప్పుకుంటారు. కొన్ని నెలలు తిరిగేసరికి అది గదిలో బల్ల మీద స్థిరపడిపోతుంది, తరగతికి మళ్లీ కాగితం, కలమే. వారంలో ముప్పై గంటలు చదువుకు, నాలుగైదు గంటలు ఆటకు వాడే వస్తువును ఆ నాలుగైదు గంటల కోసం ఎంచుకుంటే ఇలాగే అవుతుంది. చదువు లెక్కతో కొనండి, ఆట అందులో ఎంతవరకు ఇముడుతుందో ఆ తర్వాత చూడండి. ఈ మధ్య వచ్చిన తేలికపాటి ల్యాప్‌టాప్‌లలో ఆట మనం అనుకునేదానికంటే బాగానే ఇముడుతోంది.

ముందు రెండు జాబితాలు రాయండి

మొదటిది గేముల జాబితా. ఆడాలని కలలుగన్నవి కాదు, నిజంగా ఆడుతున్నవి రాయండి. గేములు కొనుక్కునే స్టీమ్ అనే వేదిక వాడేవాళ్లకు ఏ గేము ఎన్ని గంటలు ఆడారో అక్కడే కనిపిస్తుంది, దాపరికానికి వీల్లేదు. జాబితాలో వాలరెంట్, రాకెట్ లీగ్, మైన్‌క్రాఫ్ట్, స్టార్‌డ్యూ వ్యాలీ వంటివే ఉంటే విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. సైబర్‌పంక్ 2077 వంటి భారీ గేములే సగానికి పైగా ఉంటే సంగతి వేరు.

రెండోది చదువుకు కావలసిన సాఫ్ట్‌వేర్ జాబితా. దీన్ని చాలామంది రాయనే రాయరు. వ్యాసాలు, స్లైడ్లు, కోడింగ్ వరకైతే ఏ యంత్రమైనా సరిపోతుంది. సాలిడ్‌వర్క్స్, ఆర్క్‌జీఐఎస్ ప్రో వంటివి విండోస్ మీదే నడుస్తాయి. త్రీడీ మోడలింగ్, వీడియో ఎడిటింగ్, మెషీన్ లెర్నింగ్ ఉన్న కోర్సుల్లో విడి గ్రాఫిక్స్ కార్డు నిజంగా పనికొస్తుంది. మెషీన్ లెర్నింగ్ సాధనాలు చాలావరకు ఎన్విడియా వారి ‘కుడా’ (CUDA) అనే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడి ఉంటాయి కాబట్టి అక్కడ ఎన్విడియా కార్డు ఉంటే పని సులువు. అలాంటి కోర్సులో ఉన్నవాళ్లు కార్డు కొనడానికి ఆటను సాకుగా చూపనవసరం లేదు. మీ విభాగంలో పై తరగతివాళ్లను ఒకసారి అడిగితే కరపత్రాల్లో దొరకని సంగతులు తెలుస్తాయి.

ఈ రెండు జాబితాలతోనే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా తేలిపోతుంది. మ్యాక్‌బుక్‌లు తేలిక, నిశ్శబ్దం, బ్యాటరీ చాలాసేపు వస్తుంది. కానీ యాపిల్ 2020లో సొంత ఎమ్-శ్రేణి చిప్‌లకు మారాక, వాటిలో బూట్ క్యాంప్‌తో విండోస్ వేసుకునే వీలు పోయింది. చాలా విండోస్ గేములు మ్యాక్‌కు రానే రావు. స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌ల బ్యాటరీ కూడా మెచ్చుకోదగ్గదే. అయితే ఇంటెల్, ఏఎమ్‌డీ చిప్‌ల కోసం రాసిన గేములను అవి లోలోపల అనువదించుకుంటూ నడపాలి, కొన్ని గేముల్లోని మోసాల నిరోధక వ్యవస్థలు అక్కడ పనిచేయవు. గేముల జాబితా ఖాళీగా లేనివాళ్లు ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ ప్రాసెసర్‌తో విండోస్ తీసుకోవడమే తలనొప్పి లేని దారి.

బరువు చూడండి, ఛార్జర్‌తో కలిపి

పద్నాలుగు అంగుళాల మామూలు ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా 1.2 నుంచి 1.6 కిలోల మధ్య ఉంటాయి. పదహారు అంగుళాల గేమింగ్ యంత్రాలు సాధారణంగా రెండు కిలోలు దాటి రెండున్నర దాకా వెళ్తాయి. ప్రకటనలు చెప్పనిది ఛార్జర్ సంగతి. రెండు వందల వాట్ల పైబడిన ఛార్జర్ ఒక్కటే అరకిలో దాటుతుంది. యూఎస్‌బీ-సీ తీగతో పనిచేసే 65 వాట్ల చిన్న ఛార్జర్ పావుకిలో లోపే ఉంటుంది, ఫోనుకూ పనికొస్తుంది. ఛార్జర్‌తో సహా రెండు కిలోలు దాటకూడదన్నది నేను పెట్టుకునే గీత. తరగతులు గదికి పక్కనే ఉన్నవాళ్లు దాన్ని కాస్త సడలించుకోవచ్చు.

గేమింగ్ ల్యాప్‌టాప్ తప్పదనుకునేవాళ్లు ఒక విషయం కనుక్కోవాలి: అది యూఎస్‌బీ-సీ ద్వారా కూడా ఛార్జ్ అవుతుందా? ఇప్పుడు చాలావాటికి ఆ వీలుంది. ఉంటే పెద్ద ఛార్జర్‌ను గదిలోనే వదిలేసి, 65 లేదా 100 వాట్ల చిన్నదాన్ని సంచిలో వేసుకోవచ్చు. దానితో ఆట సరిగ్గా సాగదు, నోట్సుకు మాత్రం సరిపోతుంది. యూఎస్‌బీ-సీ రంధ్రం కనిపించినంత మాత్రాన ఛార్జింగ్ ఉందని అనుకోవద్దు, వివరాల్లో ‘పవర్ డెలివరీ’ అని ఉండాలి.

గ్రాఫిక్స్: పేరు కాదు, వాట్లు

డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

గ్రాఫిక్స్ రెండు రకాలు. ప్రాసెసర్‌లోనే కలిసి ఉండేది ఒకటి, విడి చిప్‌గా వచ్చేది మరొకటి. కలిసి ఉండే రకమంటే ఒకప్పుడు ఆటకు పనికిరానిదనే పేరుండేది. ఏఎమ్‌డీ వారి రేడియాన్ 780ఎమ్, 890ఎమ్, ఇంటెల్ వారి ఆర్క్ 140వీ వచ్చాక ఆ మాట చెల్లదు. వాలరెంట్ వంటి పోటీ గేములను ఇవి 1080పీ (1920×1080 పిక్సెళ్లు) దగ్గర, సెట్టింగులు కొంచెం తగ్గిస్తే హాయిగా నడుపుతాయి. భారీ గేముల్లో చాలావాటిని కూడా నాణ్యత బాగా తగ్గించి, తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే ఎఫ్‌ఎస్‌ఆర్ వంటి పద్ధతులు వాడితే సెకనుకు 30 ఫ్రేములు దాటించవచ్చు. దృశ్యం అద్భుతంగా ఉండదు కానీ కథ ముందుకు సాగుతుంది. అప్పుడప్పుడు ఆడేవాళ్లకు ఇది చాలన్నదే నా అభిప్రాయం.

విడి కార్డే కావాలంటే పేరు చూసి మోసపోవద్దు. ల్యాప్‌టాప్‌లలో వచ్చే ఎన్విడియా వారి ఆర్‌టీఎక్స్ 4060 కార్డును తయారీదారు 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు ఎంతకైనా అమర్చుకోవచ్చు. పలుచని యంత్రంలో వేడి బయటకు పోయే దారి తక్కువ కాబట్టి తక్కువ వాట్లు ఇస్తారు. పెట్టె మీద రెండింటికీ ఒకటే పేరు, ఆటలో మాత్రం తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. బాగా కరెంటు అందే చిన్న కార్డు 4050, పిసినారిగా కరెంటు అందే 4060ను అందుకోగలదు. పూర్తి వివరాల పట్టికలో ‘టీజీపీ’ లేదా ‘గరిష్ఠ గ్రాఫిక్స్ పవర్’ అని వెతకండి. ఆ అంకె ఎక్కడా ఇవ్వలేదంటే ఇవ్వకపోవడానికి కారణం ఉండే ఉంటుంది. కార్డు సొంత మెమరీ కూడా చూడండి: 4050కి 6 జీబీ, 4060కి 8 జీబీ. కొత్త గేములు పెద్ద పెద్ద దృశ్యాలను మెమరీలో పెట్టుకుంటాయి, అందుకే నాలుగేళ్లు వాడాలనుకుంటే 8 జీబీ మేలు.

ఇంకో సంగతి అమ్మేవాళ్లు చెప్పరు. విడి కార్డు తన పూర్తి శక్తి చూపేది ప్లగ్‌లో ఉన్నప్పుడే. బ్యాటరీ అంత కరెంటు ఇవ్వలేదు కాబట్టి వేగం పడిపోతుంది, ఆ తగ్గిన వేగంతో కూడా గంట, గంటన్నరలో బ్యాటరీ అయిపోతుంది. కాబట్టి భారీ గేము ఎలాగూ గదిలో ప్లగ్ పక్కనే ఆడతారు. అలాంటప్పుడు గదిలో ఇప్పటికే ఒక గేమ్ కన్సోల్‌గానీ పాత డెస్క్‌టాప్‌గానీ ఉంటే, ఆ భారాన్ని రోజూ భుజాన మోయడం ఎందుకు? క్లౌడ్ గేమింగ్ మరో దారి. జీఫోర్స్ నౌ వంటి సేవల్లో గేము దూరంగా ఉన్న కంప్యూటర్‌లో నడుస్తుంది, దృశ్యం మీ తెర మీదికి వస్తుంది. 1080పీకి సెకనుకు కనీసం 25 మెగాబిట్ల ఇంటర్నెట్ కావాలని ఆ సేవే చెబుతుంది. కొన్ని కాలేజీల వైఫైలో గేముల దారులు మూసేసి ఉంటాయి, దాని మీద ఆశ పెట్టుకునే ముందు అది కూడా తెలుసుకోండి.

తేలికగానూ శక్తిమంతంగానూ ఉండే పద్నాలుగు అంగుళాల గేమింగ్ ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. వాటికి ధర ఎక్కువ, ఫ్యాన్ల హోరు ఎక్కువ, ఆట సమయంలో కీబోర్డు వేడెక్కుతుంది. డబ్బుకు ఇబ్బంది లేనివాళ్లకు అవి మంచి ఎంపికే.

ప్రాసెసర్ పేరులోని చిక్కు

పెద్ద అంకె ఉంటే కొత్తదనుకోవద్దు. ఏఎమ్‌డీ వారి రైజెన్ 5 7520యూ, రైజెన్ 7 7840యూ రెండూ 7000 శ్రేణిలోవే. మొదటిదానిలో ఉన్నది 2019లో వచ్చిన జెన్ 2 నిర్మాణం (చిప్ లోపలి రూపకల్పన), దాని గ్రాఫిక్స్‌లో రెండే విభాగాలు. రెండోదానిలో జెన్ 4, పన్నెండు విభాగాల 780ఎమ్. ఆ శ్రేణిలో నిర్మాణం వయసు చెప్పేది మూడో అంకె: 2 అంటే జెన్ 2, 4 అంటే జెన్ 4. ఇంటెల్‌లోనూ ఇలాంటిదే ఉంది. కోర్ అల్ట్రా 7 258వీలో ఆర్క్ 140వీ ఉంటుంది. ‘అల్ట్రా’ అన్న మాట లేని కోర్ 7 150యూలో ఉన్నది అంతకు ముందు తరం గ్రాఫిక్సే.

ఇంటెల్ పేరు చివర హెచ్‌ఎక్స్ కనిపిస్తే అది బరువైన యంత్రాలకు ఉద్దేశించినది, వదిలేయండి. అదే హెచ్‌ఎక్స్ ఏఎమ్‌డీ వారి రైజెన్ ఏఐ 9 హెచ్‌ఎక్స్ 370లో ఉంటే అది పలుచని ల్యాప్‌టాప్‌లలో కూడా వచ్చే చిప్. ఈ పేర్లు పెట్టేవాళ్లకు కొనేవాళ్ల మీద ఏమాత్రం జాలి లేదు. అందుకే చిప్ పూర్తి పేరుతో వెతికి, అందులోని గ్రాఫిక్స్ ఏదో చూసుకోవడం ఒక్కటే నమ్మకమైన పద్ధతి.

ర్యామ్, నిల్వ

16 జీబీకి తగ్గవద్దు. ప్రాసెసర్‌లో కలిసిన గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ఈ ర్యామ్‌లోంచే వాటా తీసుకుంటుంది. అందుకే 8 జీబీ యంత్రంలో ఆట మొదలుపెడితే ఇద్దరికీ చాలదు. ర్యామ్ విడి కర్రలుగా (స్టిక్‌లుగా) వచ్చే మోడల్ అయితే 16 జీబీ కర్ర ఒకటి కాకుండా 8 జీబీవి రెండు ఉండేలా చూడండి. ఒక్క కర్రతో మెమరీ దారి సగానికి ఇరుకవుతుంది, ఫ్రేములు స్పష్టంగా తగ్గుతాయి. పలుచని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచుకునే మాటే లేదు. అక్కడ స్థోమత ఉంటే 32 జీబీ తీసుకోండి.

ఎస్‌ఎస్‌డీ 512 జీబీ అంటే విండోస్‌లో 476గా కనిపిస్తుంది. బాల్డర్స్ గేట్ 3 ఒక్కటే 150 జీబీ ఖాళీ అడుగుతుంది. చాలా మోడళ్లలో ఎస్‌ఎస్‌డీని తర్వాత మార్చుకోవచ్చు కాబట్టి, డబ్బు చాలకపోతే సర్దుకోవలసింది ఇక్కడే, ర్యామ్ దగ్గర కాదు.

బ్యాటరీని గంటల్లో కాదు, వాట్-అవర్లలో చదవండి

పెట్టె మీది ‘18 గంటలు’ వెలుతురు తగ్గించి వీడియో ఆడించి తీసిన లెక్క. బ్యాటరీలో ఎంత శక్తి పడుతుందో చెప్పే వాట్-అవర్ అంకె చూసి, దాన్ని యంత్రం వాడే వాట్లతో భాగించి మీరే లెక్కేసుకోండి. బ్రౌజరు, నోట్సు వంటి పనులకు మంచి తేలికపాటి ల్యాప్‌టాప్ సుమారు 8 వాట్లు వాడుతుందనుకుంటే, 70 వాట్-అవర్ల బ్యాటరీ తొమ్మిది గంటలకు కొంచెం తక్కువ వస్తుంది, 50 అయితే ఆరు గంటల చిల్లర. గేమింగ్ యంత్రం అదే పనికి 15 వాట్లు తాగితే 90 వాట్-అవర్లున్నా ఆరు గంటలే. వాటిలో విడి కార్డును పూర్తిగా ఆపే సెట్టింగు ఉంటే తరగతి రోజుల్లో తప్పక వాడండి. రెండు మూడేళ్లలో సామర్థ్యం కొంత తరుగుతుంది, ఆ మేరకు ముందే మిగులు ఉంచుకోండి. ఎక్కువసేపు ప్లగ్‌లోనే ఉంచేవాళ్లు ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సదుపాయం వాడితే తరుగు నెమ్మదిస్తుంది.

తెర, కీబోర్డు, మిగతావి

వెలుతురు 300 నిట్స్‌కు తగ్గకూడదు. కిటికీ పక్కన కూర్చునేవాళ్లకు 400 ఉంటే సుఖం. తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే చోట ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని రాసి ఉంటే రంగులు వెలిసిపోయినట్టుంటాయి, పక్కన పెట్టండి. మామూలు 16:9 కంటే కాస్త ఎత్తైన 16:10 తెరలో పేజీకి మరికొన్ని పంక్తులు కనిపిస్తాయి. 2880×1800 తెరలు చూడముచ్చటగా ఉంటాయి, కానీ 1920×1200తో పోలిస్తే రెండుంపావు రెట్ల పిక్సెళ్లు. చిన్న గ్రాఫిక్స్‌కు అది మోయలేని బరువు, గేములో రిజల్యూషన్ తగ్గించుకోక తప్పదు. కీబోర్డు మీద మాత్రం ఎవరి మాటా వినకండి. దుకాణంలో నిలబడి ఒక పేరా టైపు చేసి చూడండి. ప్రొజెక్టరుకు కలపడానికి హెచ్‌డీఎమ్‌ఐ ఉంటే అడాప్టరు వెంట తిప్పే పని తప్పుతుంది.

డబ్బు కట్టే ముందు, కట్టిన తర్వాత

ఒకే పేరుతో నాలుగైదు రకాలు అమ్ముతారు. తెర వేరు, ర్యామ్ వేరు, కార్డు వాట్లు వేరు. మోడల్ పేరు పక్కనుండే పొడవైన కోడ్ రాసుకుని, సరిగ్గా ఆ రకానికి వచ్చిన సమీక్షే చదవండి. సమీక్షలో మొదటి అయిదు నిమిషాల ఫ్రేముల సంఖ్య కాకుండా, అరగంట ఆడాక ఎంత మిగిలిందో వెతకండి. పలుచని యంత్రాల అసలు రంగు అప్పుడే బయటపడుతుంది. ఫ్యాన్ శబ్దం కొలిచారేమో కూడా చూడండి, గ్రంథాలయంలో పక్కవాళ్లు తల తిప్పి చూసేది దానికే. వాడిన ల్యాప్‌టాప్ కొనేవాళ్లు అది విండోస్ 11కు అర్హమో కాదో తేల్చుకోవాలి, ఎందుకంటే విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

ఇంటికి తెచ్చిన మొదటి వారంలోనే దాన్ని బాగా శ్రమ పెట్టండి. మీ జాబితాలోని అన్నింటికంటే బరువైన గేమును ప్లగ్‌లో పెట్టి అరగంట ఆడండి. మరో రోజు పూర్తి ఛార్జ్‌తో తరగతులకు తీసుకెళ్లి సాయంత్రానికి ఎంత మిగిలిందో చూడండి. తెర మొత్తాన్ని నలుపుతో, తర్వాత తెలుపుతో నింపి చచ్చిన పిక్సెళ్లున్నాయేమో వెతకండి, కెమెరా, మైకు పరీక్షించండి. ఏదైనా తేడాగా ఉంటే వాపసు గడువు ముగియకముందే పెట్టెతో సహా తిరిగి ఇచ్చేయండి. గడువు దాటాక అదే లోపానికి సర్వీస్ కేంద్రం చుట్టూ, అదీ పరీక్షల మధ్యలో, తిరగాల్సి వస్తుంది.