144 ఉందంటే ముందు కాగితం అడగండి

హన్మకొండ ఏకశిల పార్కు దగ్గర ధర్నాకు టెంటు కడుతుండగానే పోలీసులు “144 ఉంది, లేవండి” అంటారు. జనం నోట పాత నంబరే ఉన్నా, జనం గుమిగూడకుండా ఆపే ఆ సెక్షన్ 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 163వ సెక్షన్. నోటిమాటతో చెల్లదు, రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. రోడ్డు మీద వాదనకు దిగకుండా కాపీ అడగండి. వరంగల్ కమిషనరేట్ పరిధిలో దాన్ని పోలీస్ కమిషనర్ ఇస్తారు. ములుగు, భూపాలపల్లి వైపు కలెక్టరో ఆర్డీవోనో ఇస్తారు. ఒక్కోసారి అసలు అది 163 కాదు, 30 పోలీస్ యాక్ట్ (సభలు, ఊరేగింపులకు ముందుగా పోలీసు అనుమతి తీసుకోవాలనే పోలీసు చట్టం 30వ సెక్షన్) అని తేలుతుంది. అప్పుడు చేయాల్సింది అనుమతికి దరఖాస్తు.

కాపీ దొరికాక తేదీలు, హద్దులు, కారణం కింద గీత గీయండి. గడువు 2 నెలలు దాటకూడదు. రాష్ట్ర ప్రభుత్వం పొడిగిస్తేనే ఆపైన గరిష్ఠంగా మరో 6 నెలలు. “శాంతిభద్రతల దృష్ట్యా” అనే ఒక్క ముక్క కారణం కాదు. ఎక్కడ, ఏ ముప్పు ఉందో రాయాలి. గడువు తీరగానే అదే ఉత్తర్వు కొత్త తేదీతో వస్తోందా? పాత కాపీలన్నీ దాచండి. ఇలా పదేపదే ఇవ్వడం అధికార దుర్వినియోగమని 2020 జనవరి 10న అనూరాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక 163(5) కింద, ఉత్తర్వును రద్దు చేయాలని లేదా సవరించాలని ఇచ్చిన అధికారికే దరఖాస్తు పెట్టండి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదానిపై అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకోండి. మీ వాదన వినాలి, కాదంటే కారణం రాసివ్వాలి.

ముందస్తు అరెస్టు చేస్తే అదే సురక్షా సంహిత 170వ సెక్షన్ కింద 24 గంటలే. ఎన్ని గంటలకు పట్టుకున్నారో వెంటనే రాసి ఇంటికి మెసేజ్ పెట్టండి. రాజ్యాంగ 44వ సవరణ తర్వాత, దేశమంతా ఎమర్జెన్సీ ఉన్నా ప్రాణానికి, వ్యక్తి స్వేచ్ఛకు రక్షణ ఇచ్చే 21వ అధికరణను పక్కన పెట్టలేరు. అలాంటిది ఒక కమిషనర్ ఉత్తర్వు చూపి మనిషిని 2 రోజులు ఠాణాలో కూర్చోబెట్టడం ఎలా చెల్లుతుంది? ఉల్లంఘన కేసు భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 223 కింద పెడతారు. ఉత్తర్వు ఇచ్చిన అధికారి గానీ, ఆయన పైఅధికారి గానీ, ఆయన అధికారమిచ్చిన మరో అధికారి గానీ రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వకుండా కోర్టు దాన్ని విచారణకు తీసుకోకూడదు. వకీలు మొదట చూడాల్సింది అదే.

హైకోర్టుకు 226వ అధికరణ కింద రిట్ వేయడానికి వెళ్లేటప్పుడు ఉత్తర్వు, దరఖాస్తు, ముద్రపడ్డ ప్రతి జత చేయండి. ఉత్తర్వు గడువు ఇంకా ఉండగానే వెళ్లండి, తీరాక వేస్తే ఇక విచారించేదేమీ లేదని కొట్టేయవచ్చు.