రాయిలో మెరిసేది బంగారమా, కాకిబంగారమా?

గుణదల కొండవాలులో పునాది తవ్వుతుంటే దొరికిందని మా బాబాయి ఒక రాయిని తువ్వాలులో చుట్టి తెచ్చాడు. ‘‘ఎవరికీ చెప్పకురా’’ అన్నాడు ముందే. నిజంగానే తళతళలాడుతోంది. ఇలాంటి రాయి దొరికితే టెన్షన్ పడక్కర్లేదు. భూతద్దం, కుట్టుసూది, టైలు ముక్క ఉంటే చాలావరకు ఇంట్లోనే తేలిపోతుంది.

ముందు రాయిని ఎండలో చూసి, తర్వాత నీడలో చూడండి. బంగారాన్ని ఎటు తిప్పినా అదే పసుపు, నీడలోనూ రంగు తగ్గదు. ఒక వైపు తళుక్కుమని, కాస్త తిప్పగానే ఆరిపోతే అనుమానించాల్సిందే.

తర్వాత సూది. నన్నడిగితే అసలు పరీక్ష ఇదే. భూతద్దంలో చూస్తూ మెరిసే చుక్కను సూదిమొనతో నొక్కండి. బంగారం మెత్తన, సొట్టపడుతుందే గానీ విరగదు. బంగారంలాగే మెరిసే పైరైట్ అనే ఖనిజం (ఇనుము, గంధకం కలిసినది) మీద ఉక్కుసూది గీత కూడా పడదు, ఇంకా గట్టిగా నొక్కితే పొడిగా రాలుతుంది. అభ్రకమైతే ఉల్లిపొరలా లేస్తుంది. బాబాయి రాయి ఇక్కడే దొరికిపోయింది: పల్చటి రేకు ఒకటి లేచి సూదికి అంటుకుంది. నల్ల అభ్రకం ఎండకూ వానకూ నాని బంగారు రంగుకు తిరుగుతుంది. కాకిబంగారం అనేది దాన్నే.

అప్పటికీ తేలకపోతే టైలు వెనక, నునుపు లేని వైపు గీయండి. బంగారం గీత పసుపు, పైరైట్ గీత ఆకుపచ్చ ఛాయ ఉన్న నలుపు. కంసాలి గీటురాయి మీద గీసి రంగు చూసేదీ ఇలాగే.

నీళ్లలో తూచే పద్ధతి విడిగా దొరికిన రేణువులకే పనికొస్తుంది. బంగారం నీటికి 19.3 రెట్లు బరువు, పైరైట్ 5 రెట్లు, పలుగురాయి 2.65 రెట్లు. 100 గ్రాముల పలుగురాయిలో 1 గ్రాము బంగారమున్నా ఆ లెక్క 2.67 దాటదు, వంటింటి త్రాసుకు అందేది కాదు. కాల్చి చూద్దామని మాత్రం అనుకోకండి, పైరైట్ కాలితే గంధకం పొగ గొంతు పట్టేస్తుంది.

గుణదలతో సహా బెజవాడ కొండలు ఖొండలైట్, చార్నోకైట్ అనే రకం రాళ్లవి, మామూలుగా బంగారం దొరికే రాళ్లు వేరు. దక్షిణాదిలో బంగారు గనులు ఎక్కువగా షిస్టు అనే పొరలుపొరల నల్లటి రాళ్ల పట్టీల్లో, వాటిని చీల్చుకుని సాగిన పలుగురాయి పాయల్లో ఉంటాయి. కోలారు, కర్నూలు జిల్లా జొన్నగిరి అలాంటివే. అక్కడ కూడా టన్ను రాయికి కొన్ని గ్రాములే, చాలావరకు కంటికి కనపడదు.

ఇదంతా విని బాబాయి రాయిని మళ్లీ తువ్వాలులోనే చుట్టుకున్నాడు. ఇప్పుడది వాళ్ల తులసికోట పక్కన ఉంది.