వాఖావు లోయలో సైకిల్ మీద వెళ్తుంటే ఒడ్డు మారండి

ఆస్ట్రియాలోని వాఖావు లోయలో డాన్యూబ్ నది వెంట సైకిల్ యాత్ర అనుకుంటున్నవాళ్లు మెల్క్‌లో బయల్దేరి క్రెమ్స్ వైపు వెళ్లండి. సుమారు 35 కిలోమీటర్లు. నది పారే దిక్కే అది, పడమటి గాలి కూడా ఎక్కువగా వెనక నుంచే తోస్తుంది.

సైకిల్ దారి రెండు ఒడ్డుల మీదా ఉంది. ముందు దక్షిణపు ఒడ్డున వెళ్లండి, రద్దీ తక్కువ, దారి పొడవునా ఆప్రికాట్ తోటలు. ఆర్న్స్‌డార్ఫ్ దగ్గర పడవెక్కి స్పిట్జ్‌కు దాటండి. నదికి అడ్డంగా కట్టిన తీగ పట్టుకుని, ఇంజిన్ లేకుండా ప్రవాహం బలంతోనే దాటుతుందది. ఈ దారి మొత్తంలో నాకు బాగా నచ్చేది ఆ కాసేపే! చిల్లర దగ్గర పెట్టుకోండి.

అవతల మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు, వాటి కిందే వైసెన్‌కిర్షెన్ ఊరు, ఆ తర్వాత డ్యూర్న్‌స్టైన్ ఊరు. 1192లో ఇంగ్లండ్ రాజు రిచర్డ్‌ను బంధించిన కోట శిథిలాలు ఆ ఊరి పైనే ఉన్నాయి. ఊళ్లో రాళ్లు పరిచిన వీధి, జనం ఎక్కువ. సన్నటి టైర్లుంటే దిగి నడిపించుకెళ్లండి.