డిప్రెషన్‌తో నలిగిపోతున్నవాళ్ళ కోసం కమ్యూనిటీ అంతా కలిసి గట్టిగా అడగడం ఎలా? ప్లాన్ ఇలా వేసుకోండి

ముందే ఒక మాట చెప్పేస్తా. అవగాహన ర్యాలీ తీసి, పోస్టర్లు అంటించి, ఫోటోలు దిగి ఇంటికెళ్ళిపోతే దాన్ని అడ్వకసీ అనరు. ఫలానా మనిషి దగ్గరికెళ్ళి, ఫలానా మార్పు, ఫలానా తేదీలోపు చేయండి అని అడిగి, చేసేదాకా వదలకపోవడమే అడ్వకసీ. మొదట్లో నాకూ ఈ తేడా తెలీదు, ఏడాదంతా మీటింగులే పెట్టాం, చివరికి చూస్తే ఒక్కరికి కూడా ట్రీట్‌మెంట్ అందలేదు.

1. ఎవరి కోసమో తేల్చుకోండి

"బలహీన వర్గాలు" అంటే ఎవరూ కాదు, అందరూనూ. ఒక్క గుంపును పట్టుకోండి. బిడ్డ పుట్టి ఏడాది కాని తల్లులు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు, ఊరు వదిలి పనికొచ్చినవాళ్ళు, దీర్ఘకాల జబ్బున్నవాళ్ళు, ఇలా ఎవరైనా. ఎందుకంటే అడ్డంకి ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, తల్లికి బిడ్డను ఎవరి దగ్గర వదలాలో తెలీదు, పెద్దాయనకి క్లినిక్‌కి తీసుకెళ్ళేవాళ్ళు లేరు, కూలీకి ఒక పూట వెళ్తే ఆ రోజు డబ్బులు పోతాయి. ముగ్గురికీ కలిపి ఒకే డిమాండ్ పెడితే ఎవరికీ సరిపోదు.

2. వెళ్ళి వినండి, వాళ్ళ మాటల్లోనే

"మీకు డిప్రెషన్ ఉందా" అని అడిగితే చాలామంది లేదనే అంటారు. నిద్ర పట్టట్లేదు, ఒళ్ళంతా నొప్పులు, మనసు బాలేదు, దేనిమీదా ధ్యాస లేదు, ఇలా చెప్తారు. జింబాబ్వేలో షోనా భాషవాళ్ళు దీన్ని కుఫుంగిసిస అంటారట, అంటే అతిగా ఆలోచించడం అని. అక్కడ 2006లో సైకియాట్రిస్ట్ డిక్సన్ చిబాండా మొదలుపెట్టిన ఫ్రెండ్‌షిప్ బెంచ్ అనే కార్యక్రమంలో ట్రైనింగ్ తీసుకున్న అమ్మమ్మలు క్లినిక్ ఆవరణలో బెంచీ మీద కూర్చుని ఆ మాటతోనే కబుర్లు మొదలుపెడతారు. మీ కరపత్రంలో కూడా జనం వాడే మాటే ఉండాలి, డాక్టర్ల మాట కాదు.

ఒక ఇరవై మందితో నింపాదిగా మాట్లాడినా చాలా బయటపడుతుంది. సాయం కోసం ఎక్కడికెళ్ళారు, ఎక్కడ ఆగిపోయారు, ఎవరు ఏమని వెనక్కి పంపారు, ఈ మూడూ రాసుకోండి. పేర్లు మాత్రం రాయొద్దు.

3. స్క్రీనింగ్ జోలికి వెళ్ళేముందు ఆగండి

డిప్రెషన్ ఉందేమో చూడడానికి పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల ఫారం ఉంది, గత రెండు వారాల్లో ఎలా ఉన్నారో అడుగుతుంది, మొత్తం స్కోరు 27, 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మామూలుగా తర్వాతి పరీక్షకి పంపుతారు. కొత్త తల్లులకైతే 1987లో వచ్చిన ఎడిన్‌బరో స్కేల్, పది ప్రశ్నలు. వినడానికి తేలిగ్గా ఉన్నాయి కదా అని వాలంటీర్ల చేతికి ఇచ్చేసి ఇంటింటికీ పంపకండి. ఈ ఫారాలు జబ్బు ఉందని తేల్చవు, అనుమానం ఉందని మాత్రమే చెప్తాయి. పైగా పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చావు గురించిన ఆలోచనల మీద, దానికి "అవును" అంటే అప్పుడేం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో ముందే రాసిపెట్టుకోవాలి. ప్రమాదం అనిపిస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఎమర్జెన్సీ సాయం పిలవాలి. పంపడానికి చోటు లేకుండా స్క్రీనింగ్ చేయడం నా దృష్టిలో తప్పే.

4. ఒకే ఒక్క డిమాండ్

ఇక్కడే ఎక్కువ టైమ్ పెట్టండి. "మానసిక ఆరోగ్యానికి ప్రాధాన్యం ఇవ్వాలి" అంటే ఏ ఆఫీసరైనా తప్పకుండా అని తలూపుతారు, వాళ్ళకి పోయేదేం లేదు కాబట్టి. దాని బదులు, "బిడ్డకి టీకా వేయించడానికి వచ్చిన ప్రతి తల్లిని నర్సు ఎడిన్‌బరో స్కేల్‌లోని పది ప్రశ్నలు అడగాలి, స్కోరు ఎక్కువొస్తే రెండు వారాల్లోపు కౌన్సెలర్ చూడాలి, వచ్చే మూడు నెలల్లో ఒక క్లినిక్‌లో మొదలుపెట్టాలి" అని అడగండి. అప్పుడు అవుననో కాదనో చెప్పక తప్పదు. దీనికి ఒప్పుకుని సంతకం పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉందో కూడా కనుక్కోండి, అది లేని మనిషి చుట్టూ తిరిగి నెలలు పోగొట్టుకున్నవాళ్ళు బోలెడుమంది.

5. టీమ్‌లో ఎవరుండాలి

డిప్రెషన్‌ని స్వయంగా అనుభవించినవాళ్ళు ఉండాలి, స్టేజీ మీద ఏడిపించడానికి కాదు, డిమాండ్ రాయడానికి. వాళ్ళ టైమ్‌కి, ప్రయాణానికి డబ్బులివ్వండి. కథ చెప్పమని ఒత్తిడి పెట్టొద్దు, సరే అన్నవాళ్ళు చివరి నిమిషంలో వద్దన్నా ఏమీ అనకూడదు. వీళ్ళతోపాటు ఒక నర్సో డాక్టరో, ఆ గుంపు నమ్మే ఒక పెద్దమనిషి, లెక్కలు రాసే ఓపిక ఉన్న ఒకరు ఉంటే చాలు.

6. మీటింగ్‌కి ఒక్క పేజీ

"అంతమంది సైకియాట్రిస్టులు ఎక్కడున్నారండీ" అనే మాట వచ్చి తీరుతుంది, దానికి జవాబు జేబులో పెట్టుకునే వెళ్ళండి. పాకిస్తాన్ పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలకే ట్రైనింగ్ ఇచ్చి డిప్రెషన్ ఉన్న తల్లులతో మాట్లాడించారు, 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం బిడ్డకి ఆరు నెలలు వచ్చేసరికి వాళ్ళలో 23 శాతం మందికే డిప్రెషన్ మిగిలింది, ఈ సాయం అందనివాళ్ళలో 53 శాతం మందికి ఉంది. డాక్టర్లు అక్కర్లేదని కాదు దీనర్థం, సూపర్‌విజన్ ఉంటే మొదటి మెట్టు మామూలు కార్యకర్తలు కూడా మోయగలరని.

పేపర్లవాళ్ళతో మాట్లాడాల్సొస్తే ఆత్మహత్య ఎలా జరిగిందో వివరాలు చెప్పకండి, సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పండి.

7. "సరే" అన్నాక అసలు పని

అదే రోజు సాయంత్రం ఎవరేం ఒప్పుకున్నారో రాసి పంపండి, తేదీలతో సహా. తర్వాత నెలనెలా నాలుగు లెక్కలే చూడండి: ఎంతమందిని అడిగారు, ఎంతమందిని పంపారు, ఎంతమంది నిజంగా వెళ్ళారు, ఎన్నాళ్ళు ఎదురుచూశారు. పంపినవాళ్ళకీ వెళ్ళినవాళ్ళకీ మధ్య తేడా ఎక్కువుంటే మీ తర్వాతి డిమాండ్ అక్కడే ఉంది, బహుశా క్లినిక్ టైమింగ్సో, పిల్లల్ని చూసే మనిషో. ఇక రోజూ ఈ బాధలు వినే వాలంటీర్లను కూడా నెలకోసారి కూర్చోబెట్టి ఎలా ఉన్నారని అడగండి, ఎవరైనా నాలుగు రోజులు సెలవు కావాలంటే కారణం అడక్కుండా ఇచ్చేయండి.