ఐ2ఎస్ సౌండ్ చెడితే ముందు చెవి, తర్వాతే స్కోప్

బెంగళూరు మారతహళ్లిలో మా పక్క గది తమ్ముడు ఓ రాత్రి పదకొండింటికి బోర్డు పట్టుకుని వచ్చాడు. చిన్న మైక్రోకంట్రోలర్, పక్కనే ఆడియో కోడెక్ (అంకెల్ని శబ్దంగా మార్చే చిప్). "అన్నా, సౌండ్ గరగరమంటోంది. డ్రైవర్ మొత్తం మళ్లీ రాయాలేమో."

"వాల్యూమ్ తగ్గిస్తే?"

"తగ్గిస్తే శుభ్రంగానే ఉంది."

ఆ జవాబుతో సగం పని అయిపోయింది. ఆ రెండు చిప్‌ల మధ్య డిజిటల్ ఆడియో నడిచే తీగల పద్ధతి పేరు ఐ2ఎస్. ఐ2ఎస్‌లో సౌండ్ ఏ రకంగా చెడిందో వింటే తప్పు ఏ తీగ దగ్గరుందో చాలావరకు తెలిసిపోతుంది. అందుకే పాటలు పక్కన పెట్టి 1,000 హెర్ట్జ్ సైన్ వేవ్ (ఒకే శ్రుతిలో సాగే శుద్ధ స్వరం) పంపండి. పాటలో తప్పులు దాక్కుంటాయి.

అసలు చప్పుడే లేదు

వినడానికేమీ లేదు కాబట్టి ఇక్కడ మాత్రం ముందు స్కోప్ (తీగ మీది సిగ్నల్‌ని తెర మీద గీసి చూపే పరికరం) పెట్టి బిట్ క్లాక్ (ఒక్కో బిట్‌కీ ఒక తాళం), వర్డ్ సెలెక్ట్ (వచ్చేది ఎడమ ఛానెలో కుడి ఛానెలో చెప్పే తీగ) కదులుతున్నాయా చూడండి. రెండూ చదునుగా ఉంటే మైక్రోకంట్రోలర్, కోడెక్ ఇద్దరూ స్లేవ్‌గా (అవతలివాళ్లు క్లాక్ ఇస్తారని ఎదురుచూస్తూ) కూర్చుని ‘నువ్వు మొదలెట్టు’ అంటే ‘నువ్వు మొదలెట్టు’ అనుకుంటున్నట్టే. క్లాక్ ఉంది గానీ సగం ఎత్తుకే వస్తోందంటే ఇద్దరూ మాస్టర్లు (క్లాక్ ఇచ్చేవాళ్లు) అయ్యుండొచ్చు. ఎవరో ఒకరినే మాస్టర్‌గా ఉంచండి.

క్లాకులు బాగుంటే ఐ2సీ (కోడెక్‌కి సెట్టింగులు పంపే వేరే తీగల జత) వైపు వెళ్లండి. ఒకే చిప్ అడ్రస్ 7 బిట్ల లెక్కలో హెక్సా 18 అయితే, 8 బిట్ల లెక్కలో 30 అవుతుంది. ఈ ఒక్క బిట్ జరుగుబాటు దగ్గర నేను ఓ శనివారం మొత్తం పోగొట్టుకున్నాను. కొన్ని కోడెక్‌లు మాస్టర్ క్లాక్ (చిప్ లోపలి పనిని నడిపే వేగమైన క్లాక్) లేకపోతే ఐ2సీలో కూడా పలకవు. ఎస్‌జీటీఎల్5000 అలాంటిదే. లినక్స్ బోర్డయితే ఆల్సామిక్సర్ (సౌండ్ స్థాయిలు మార్చే ప్రోగ్రామ్) తెరిచి మ్యూట్ చూడండి. నవ్వకండి, తరచూ అదే కారణం.

వాల్యూమ్ తక్కువుంటే బాగుంది, పెంచితే పగిలిపోతోంది

తమ్ముడి కేసు ఇదే. ఫిలిప్స్ వాళ్లు 1986లో పెట్టిన ఐ2ఎస్ పద్ధతిలో వర్డ్ సెలెక్ట్ మారాక ఒక బిట్ క్లాక్ ఆగి మొదటి బిట్ వస్తుంది. లెఫ్ట్ జస్టిఫైడ్ అనే ఇంకో పద్ధతిలో ఆ ఆగడం ఉండదు. పంపేది లెఫ్ట్ జస్టిఫైడ్, అందుకునేది ఐ2ఎస్ అయితే అన్నిటికన్నా పెద్ద బిట్ రాలిపోయి, మిగతావి ఒక స్థానం పైకి జరుగుతాయి. చిన్న సిగ్నల్‌లో పై రెండు బిట్లూ ఒకటే కాబట్టి నష్టం లేదు, పైగా 6 డీబీ గట్టిగా వినిపిస్తుంది. సిగ్నల్ సగం స్థాయి దాటగానే మాత్రం ప్లస్ మైనస్‌గా తిరగబడుతుంది.

పరీక్ష తేలిక. అదే సైన్ వేవ్‌ని పూర్తి స్థాయి కన్నా 20 డీబీ తక్కువలో, అంటే మైనస్ 20 డీబీలో ఒకసారి, మైనస్ 3 డీబీలో ఒకసారి పంపండి. మొదటిది శుభ్రంగా ఉండి రెండోది పగిలితే కారణం ఇదే. అటుదిటైతే, అంటే పంపేది ఐ2ఎస్, అందుకునేది లెఫ్ట్ జస్టిఫైడ్ అయితే, మెల్లగా పంపినా గోలగానే ఉంటుంది. ప్లస్సా మైనస్సా చెప్పే పై బిట్ తన చోట లేదు మరి.

మందు ఒక్క సెట్టింగ్. తమ్ముడి మైక్రోకంట్రోలర్ ఎస్టీఎం32లో ఐ2ఎస్ స్టాండర్డ్ దగ్గర ‘ఎంఎస్‌బీ జస్టిఫైడ్’ (లెఫ్ట్ జస్టిఫైడ్‌కి ఇంకో పేరు) అని ఉంది, దాన్ని ‘ఫిలిప్స్’కి మార్చాం. డ్రైవర్ ముట్టుకోలేదు.

శ్రుతి తప్పింది

ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి ఆ 1,000 హెర్ట్జ్ ఎంత చూపిస్తోందో చదవండి. 1,088 దగ్గరుంటే 44.1 కిలోహెర్ట్జ్ డేటా (సెకనుకు 44,100 శాంపిళ్లు, అంటే శబ్దపు కొలతలు) 48 క్లాక్ మీద పరుగెడుతోంది. శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పైకి పోయినట్టు. 919 అయితే దానికి తలకిందులు. 977 చూస్తే, 24 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌ని నేరుగా 512తో భాగించి 48 అనుకున్నారేమో చూడండి, వచ్చేది 46.875 మాత్రమే. 2,000 అయితే మోనో డేటాని స్టీరియోగా పంపుతున్నారు.

256 రెట్ల మాస్టర్ క్లాక్ అడిగే కోడెక్‌లో 48కి 12.288 మెగాహెర్ట్జ్, 44.1కి 11.2896 కావాలి. రెండూ ఒకే క్రిస్టల్ నుంచి రావాలంటే పీఎల్ఎల్ (ఒక క్లాక్ నుంచి వేరే వేగపు క్లాక్ తయారుచేసే సర్క్యూట్) తప్పదు.

చేయి తగిలితే మారే బుసబుస

కోడ్ చూడకండి. ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్.పి. రోడ్డులో కొన్న జానెడు జంపర్ తీగల మీద క్లాక్ ఎగుడుదిగుడవుతోంది. తీగలు కురచ చేసి, ప్రతి క్లాక్ పక్కనా ఒక గ్రౌండ్ తీగ వేయండి. క్లాక్ బయల్దేరే చోట 33 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి, చివర కాదు.

మధ్యమధ్యలో టిక్

వాచీ పెట్టి కొలవండి. లెక్క లేకుండా వస్తుంటే ప్రాసెసర్ డేటా ఆలస్యంగా ఇస్తోంది. డీఎంఏ బఫర్ (పంపాల్సిన డేటాని ముందుగా నింపి ఉంచే చోటు) పెంచండి. కచ్చితమైన వ్యవధిలో వస్తుంటే మాత్రం రెండు క్రిస్టళ్లు రెండు దారులు పట్టాయి. బ్లూటూత్ నుంచి వచ్చే పాటని సొంత క్లాక్ మీద వాయించే బోర్డుల్లో ఇది మామూలే. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) తేడా అంటే సెకనుకు 2.4 శాంపిళ్లు. 240 శాంపిళ్ల ఖాళీ ఉన్న బఫర్ 100 సెకన్లకు నిండుతుంది, ఒక టిక్ పడుతుంది. ఇక్కడ బఫర్ పెంచితే టిక్ వాయిదా పడుతుందంతే. రెండు వైపులా ఒకే క్లాక్ అయినా ఇవ్వాలి, మధ్యలో శాంపిల్ రేట్ కన్వర్టర్ అయినా పెట్టాలి. తమ్ముడు ఇప్పుడు ఆ రెండో పనిలోనే ఉన్నాడు.