సమతల దర్పణంతో పరావర్తన నియమాలు: తరగతిలో పిల్లల చేత ఎలా చేయించాలి?

అద్దం ముందు గుండుసూదులు గుచ్చి పతన కోణం (కాంతి వచ్చి తగిలే కోణం), పరావర్తన కోణం (తిరిగి వెళ్లే కోణం) సమానమని చూపించే ప్రయోగాన్ని చాలామంది తేలిక అనుకుని హడావిడిగా ముగిస్తారు. కోణాలు ఐదారు డిగ్రీల తేడాతో వస్తాయి. పిల్లలకు సమాధానం ముందే తెలుసు కాబట్టి రెండు గడుల్లోనూ ఒకే అంకె రాసేస్తారు. టీచరు టిక్కు పెడతారు. ఆ తేడా పిల్లల తెలివితక్కువతనం వల్ల రాదు. అద్దం పెట్టిన తీరులో, సూదుల్ని చూసిన తీరులో ఉంటుంది. అందుకే నియమాన్ని ముందు చెప్పకండి, ప్రయోగం అయ్యాక చెప్పండి.

సామాను తక్కువే. జట్టుకు ఒక చిన్న అద్దం ముక్క, సూది దిగే మెత్తటి బోర్డు, తెల్ల కాగితం, నాలుగు గుండుసూదులు, స్కేలు, కోణమానిని, సన్నగా చెక్కిన పెన్సిలు. అద్దం అంచులకు టేపు వేయండి. అద్దాన్ని చెక్క దిమ్మెకు రబ్బరు బ్యాండుతో కట్టి నిలబెట్టాలి. బంకమట్టితో నిలబెడితే పది నిమిషాల్లో వాలిపోతుంది. జట్టులో ముగ్గురికి మించి ఉండకూడదు, నాలుగో పిల్లవాడికి చేయడానికి పని మిగలదు.

కాగితంపై అడ్డంగా ఒక గీత గీయించండి, అది అద్దం గీత. దాని మధ్యలో ఒక బిందువు, ఆ బిందువు దగ్గర లంబం, లంబానికి 40 డిగ్రీలలో పతన కిరణం గీత. 45 డిగ్రీలతో మాత్రం ఎప్పుడూ మొదలుపెట్టకండి. కోణాన్ని లంబం నుంచి కాక అద్దం నుంచి కొలిచినా అక్కడ 45 డిగ్రీలే వస్తుంది, తప్పు బయటపడదు. 40 తీసుకుంటే ఆ పొరపాటు చేసిన వాళ్లకు 50 వస్తుంది, వెంటనే పట్టుకోవచ్చు.

ఇప్పుడు అసలు కష్టం, అద్దాన్ని గీత మీద పెట్టడం. మామూలు అద్దానికి పూత వెనక ఉంటుంది, కాంతి వెనక్కి మళ్లేది ఆ పూత దగ్గరే. కాబట్టి గీత మీద ఉండాల్సింది అద్దం వెనక అంచు. పిల్లలందరూ ముందు అంచునే ఆనిస్తారు, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చూడాలి.

అంతకంటే ముఖ్యం, అద్దం గీత మీద తిరగకుండా ఉండటం. అద్దం 1 డిగ్రీ తిరిగితే పరావర్తన కిరణం 2 డిగ్రీలు తిరుగుతుంది. మోచెయ్యి తగిలినా చాలు, లెక్క పోతుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. కాగితం మీది లంబాన్ని, అద్దంలో కనిపించే దాని ప్రతిబింబాన్ని కలిపి చూడమనండి. రెండూ ఒకే తిన్నని గీతలా సాగాలి. చేరిన చోట విరిగినట్లు కనిపిస్తే అద్దం పక్కకు తిరిగిందన్నమాట. సూది నిటారుగా ఉన్నా ప్రతిబింబం వాలి కనిపిస్తే అద్దం ముందుకో వెనక్కో వంగింది. ఈ రెండు పరీక్షలూ కొత్త కోణం తీసుకున్న ప్రతిసారీ చేయించాలి, మొదటిసారి మాత్రమే చేస్తే లాభం లేదు.

తర్వాత సూదులు. పతన కిరణం గీత మీద రెండు సూదులు గుచ్చాలి, మధ్య దూరం కనీసం 5 సెంటీమీటర్లు. అంత దూరంలో సూది 1 మిల్లీమీటరు పక్కకు పోతే కోణంలో తేడా ఒక డిగ్రీకి కాస్త పైన. అదే 2 సెంటీమీటర్ల దూరంలో గుచ్చితే దాదాపు 3 డిగ్రీలు. ఇక అద్దం ముందే, లంబానికి అవతలి వైపు నుంచి, ఒక కన్ను మూసి, తల బోర్డు మట్టానికి దించి, అద్దంలోని రెండు ప్రతిబింబాలు ఒకటిగా కనిపించే చోటు వెతకాలి. మూడో సూది ఆ రెంటినీ కప్పేయాలి. నాలుగోది ఆ మూడింటినీ కప్పేయాలి.

ఇక్కడ పిల్లలు చేసే పని, సూదుల తలకాయల్ని వరసలో పెట్టడం. సూది కొంచెం వాలినా తల పక్కకు పోతుంది, మొన మాత్రం దిగిన చోటే ఉంటుంది. కాబట్టి చూడాల్సింది సూది కాగితంలో దిగిన చోటు. అద్దంలోని ప్రతిబింబాల్ని వదిలేసి, ఇవతలి నిజమైన సూదుల్ని చూస్తూ వరస పెట్టేవాళ్లూ ఉంటారు, ఆ జట్లను పక్కన కూర్చుని సరిచేయండి.

అద్దం, సూదులు తీసేశాక మూడో, నాలుగో రంధ్రాలను కలిపి గీత వెనక్కి పొడిగించాలి. అది మధ్య బిందువు దగ్గరికి రాకపోతే బలవంతంగా అక్కడికి లాగనివ్వకండి. గీత దాటిపోయిందంటే అద్దం సరైన చోట లేదని అర్థం, ఆ కాగితం పక్కన పెట్టి మళ్లీ చేయించండి. కోణాలు లంబం నుంచే కొలవాలి. ఒకటి, రెండు డిగ్రీల తేడా ఉంటే రాసింది అలాగే ఉంచాలి, రబ్బరు ముట్టుకోకూడదు. 30, 40, 55 డిగ్రీలతో చేస్తే చాలు. రెండో నియమం కాగితం మీదే ఉంది: పతన కిరణం, పరావర్తన కిరణం, లంబం మూడూ ఆ ఒక్క తలంలోనే గీశాం కదా.

లేజర్ లైటుతో చేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుందని కొందరంటారు. తరగతిలో లేజర్ వద్దే వద్దు. అద్దం కొంచెం కదిలితే ఆ కిరణం ఎవరి కంట్లో పడుతుందో చెప్పలేం. సన్నని చీలిక పెట్టిన టార్చి పరవాలేదు గానీ, దాని వెలుగు పోయేకొద్దీ వెడల్పవుతుంది, ఏ అంచు పట్టి కొలవాలో తెలీదు. పైగా గది చీకటి చేయాలి. సూదులకు ఇవేవీ అక్కర్లేదు, తాము కొలిచిన కోణం తమదే అన్న నమ్మకం పిల్లలకు కలుగుతుంది.

సమయం ఉంటే రెండు అద్దాలను వెనక టేపు వేసి పుస్తకంలా తెరిచి, మధ్యలో ఒక బొత్తాం పెట్టండి. 90 డిగ్రీల దగ్గర 3 ప్రతిబింబాలు, 60 దగ్గర 5, 45 దగ్గర 7. ముందు లెక్కపెట్టనివ్వండి, 360ని కోణంతో భాగించి ఒకటి తీసేయాలనే సూత్రం వాళ్లే కనుక్కుంటారు. పెరిస్కోపు ఇంట్లో చేసుకు రమ్మనవచ్చు. అట్ట గొట్టంలో రెండు అద్దాలూ 45 డిగ్రీల వాలులో, ఒకదానికొకటి సమాంతరంగా, ఎదురెదురుగా ఉండాలి. కోణం తప్పితే గొట్టం లోపలి గోడే కనిపిస్తుంది.