ఆట తగ్గితే స్కాలర్‌షిప్ పోతుందా? అమెరికా కాలేజీ కోచ్‌ల పద్ధతి, మీరు పడాల్సిన జాగ్రత్తలు

అమెరికా కాలేజీలో స్కాలర్‌షిప్ మీద ఆడుతున్న పిల్లల ఆట తగ్గిందంటే ఇంట్లో అందరికీ ముందు గుర్తొచ్చేది ఫీజు. అక్కడే పొరపాటు జరుగుతుంది. ఎవరిని ఆడించాలి, ఎవరిని బెంచీ మీద కూర్చోబెట్టాలి, జట్టులో ఎవరుండాలి అన్నది కోచ్ ఇష్టం. స్కాలర్‌షిప్ మాత్రం కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు ఇచ్చిన ఒప్పందం మీద నడుస్తుంది. ఈ రెండింటినీ ఒకటే అనుకుని, కంగారులో ఏదో కాగితం మీద సంతకం పెట్టి, పోనక్కర్లేని డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ముందు ఒప్పందం తీసి చదవండి

1973 నుంచి ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడలను నడిపే పెద్ద సంఘం) స్కాలర్‌షిప్పులు ఏడాదికొకసారి పొడిగించే పద్ధతిలో ఉండేవి. ఆట నచ్చకపోతే మరుసటి ఏడాది ఆపేయడం కోచ్‌కు పెద్ద పని కాదు. 2012లో ఒకటికి మించి సంవత్సరాలకు ఇచ్చే వీలు మళ్లీ వచ్చింది. ఆట బాగాలేదన్న కారణంతో తగ్గించడం, ఆపడం కుదరదని 2015 జనవరిలో ఐదు పెద్ద కాన్ఫరెన్సులు (కలిసి పోటీపడే కాలేజీల కూటములు) నియమం పెట్టుకున్నాయి. 2024 ఆగస్టు 1 నుంచి అదే రక్షణ ఎన్‌సీఏఏలో పై స్థాయి అయిన డివిజన్ 1 అంతటికీ వర్తించింది. గాయం, జబ్బు, మానసిక ఇబ్బంది కూడా కారణాలుగా చూపకూడదు.

ఆపగలిగే ప్రధాన కారణాలు నాలుగు అని గుర్తుంచుకోండి: చదువులో లేదా మరోవిధంగా ఆడే అర్హత పోవడం, దరఖాస్తులోనో ఒప్పందంలోనో అబద్ధాలు రాయడం, కాలేజీ క్రమశిక్షణ విభాగం తేల్చిన తీవ్రమైన దుష్ప్రవర్తన, విద్యార్థి తనంతట తాను ఆట మానేయడం. ఎక్కువగా ఇబ్బంది తెచ్చిపెట్టేది ఈ నాలుగోదే. దాని సంగతి కింద చెప్తాం.

డివిజన్ 2, ఎన్ఏఐఏ (చిన్న కాలేజీల వేరే క్రీడా సంఘం) కాలేజీల్లో ఒప్పందాలు చాలావరకు ఏడాదికే ఉంటాయి కాబట్టి అక్కడ ఈ ధీమా పనికిరాదు. డివిజన్ 3లో ఆటకు స్కాలర్‌షిప్పే ఉండదు. ఒప్పందంలో ఇంకో మాట వెతకండి: సాయం శాతంలో రాశారా, డాలర్లలో రాశారా? డాలర్లలో రాస్తే ఫీజు పెరిగిన ప్రతి ఏడాదీ ఆ తేడా మీ జేబులోంచే పోతుంది. దాన్ని చూసి కోచ్ తగ్గించారని అనుకునేవాళ్లున్నారు.

కోచ్ ఏ వరసలో నడుస్తారు

మంచి కోచ్ ముందు కారణం వెతుకుతారు. టెన్నిస్‌నే తీసుకుందాం, మన పిల్లలు ఎక్కువగా వెళ్లే ఆటల్లో అదొకటి. సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయానికి ఆడి వచ్చినవాడే. కాలేజీ మ్యాచ్‌లో మొత్తం ఏడు పాయింట్లు: మూడు డబుల్స్ కోర్టులకు కలిపి ఒకటి, ఆరు సింగిల్స్‌కు ఆరు. డ్యూస్ (నలభై-నలభై) దగ్గర ఒకే పాయింటుతో గేమ్ తేలిపోతుంది. జూనియర్ టోర్నీల్లో అడ్వాంటేజ్‌లు ఆడుతూ నిదానంగా మ్యాచ్ తిప్పుకునే అలవాటున్న పిల్లలకు మొదటి సీజన్‌లో ఈ పద్ధతి దెబ్బ కొడుతుంది. పక్క కోర్టుల్లో సొంత జట్టువాళ్లే అరుస్తుంటారు. శుక్రవారం ఒక ఊళ్లో, ఆదివారం ఇంకో ఊళ్లో మ్యాచ్. నాలుగో స్థానంలో ఆడాల్సిన కుర్రాడు ఆరుకు జారాడంటే ఆట మరిచిపోయాడని కాదు, నలభై-నలభై దగ్గర రెండో సర్వ్ ధైర్యంగా కొట్టలేకపోతున్నాడని కోచ్‌కు వీడియోలో కనిపిస్తుంది. సాధన కూడా ఆ ఒక్క పాయింటు మీదే పెట్టిస్తారు.

రెండో అనుమానం శరీరం మీద. పరుగు, ఈత, బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయిల్లో ఇనుము లోపం తరచూ కనిపిస్తుంది. శాకాహారులైతే అవకాశం ఇంకా ఎక్కువ. హిమోగ్లోబిన్ సరిగానే ఉన్నా ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను చూపేది) తక్కువుంటే అలసట రావచ్చు. కాబట్టి జట్టు డాక్టరును ఫెరిటిన్, విటమిన్ డి పరీక్షలు రెండూ అడగాలి. నెలసరి ఆగిపోతే దాన్ని మామూలు విషయంగా తీసుకోవద్దు, తినే తిండి చేసే శ్రమకు చాలట్లేదన్న సూచన కావచ్చు. పప్పన్నం, పెరుగన్నం మీద పెరిగిన పిల్లలు కాలేజీ డైనింగ్ హాల్లో ఏం తినాలో తెలియక సగం కడుపుతో సాధనకు వెళ్తుంటారు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన పని లేదు, పెద్ద జట్లకు పోషకాహార నిపుణులు ఉన్నదే అందుకు. గాయం నుంచి ఎప్పుడు తిరిగి ఆడాలన్నది డివిజన్ 1లో వైద్య సిబ్బంది నిర్ణయం. కోచ్ దాన్ని కాదనడానికి లేదు.

తర్వాత లైనప్‌లో కిందికి దించుతారు, ఆడే నిమిషాలు తగ్గిస్తారు. ఎక్కువ సాధన చేయించి దారిలో పెడదామనుకునే కోచ్‌లూ ఉంటారు, దానికి హద్దుంది: సీజన్‌లో వారానికి 20 గంటలు, రోజుకు 4, వారంలో ఒక రోజు సెలవు. మ్యాచ్ ఎంతసేపు సాగినా లెక్కలో 3 గంటలే. ఐచ్ఛిక సాధన అని పేరు పెట్టి హాజరు రాస్తే, రానివాళ్లను శిక్షిస్తే అది ఐచ్ఛికం కాదు. అలాంటిది జరుగుతుంటే తేదీ, సమయం రాసి పెట్టుకోవాలి. ఫిర్యాదు చేసినా చేయకపోయినా ఆ పుస్తకం ముందుముందు అక్కరకొస్తుంది.

కొందరిని ఒక ఏడాది పోటీలకు దూరంగా ఉంచి సాధన మాత్రం చేయిస్తారు. దాన్ని రెడ్‌షర్ట్ అంటారు. మొదటి ఏడాది పిల్లలకు ఇది చాలాసార్లు మేలే చేస్తుంది. స్కాలర్‌షిప్ నడుస్తుంది, ఆడే సీజన్ ఖర్చు కాదు.

కోచ్‌తో మాట్లాడే పద్ధతి

మాట్లాడాల్సింది పిల్లలే. తల్లిదండ్రులు ఫోన్ చేసి మా అబ్బాయిని ఎందుకు ఆడించట్లేదని అడిగితే చాలామంది కోచ్‌లు జవాబివ్వరు. పిల్లలు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప చదువు రికార్డులు తల్లిదండ్రులకు కూడా చూపకుండా ఫెర్పా చట్టం అడ్డుపడుతుంది. మీరు ఇంట్లో వెనకుండి సిద్ధం చేయండి.

సాధన అయిపోయాక మైదానంలో నిలబడి అడగడం పనికిరాదు. ఈమెయిల్‌లో ఇరవై నిమిషాల సమయం అడగాలి. నన్ను ఎందుకు ఆడించట్లేదు అనే ప్రశ్న కంటే, నాలుగో స్థానానికి రావాలంటే వచ్చే ఆరు వారాల్లో మీరు నాలో ఏం చూడాలి అన్న ప్రశ్నకు సూటి జవాబు వస్తుంది. మొదటి సర్వ్ శాతమో, 400 మీటర్ల టైమింగో, బరువులెత్తే లెక్కో, ఏదో ఒక కొలత రాబట్టాలి. అదే సాయంత్రం కోచ్‌కు థాంక్స్ చెబుతూ, మాట్లాడుకున్న విషయాలను తేదీతో సహా నాలుగు వాక్యాల్లో ఈమెయిల్ పెట్టాలి. ఎదురుతిరిగినట్టు ఉండకూడదు, రికార్డు మాత్రం మిగలాలి.

ఈ గడ్డు రోజుల్లో అసలు ప్రమాదం తరగతి గదిలో ఉంటుంది. మనసు బాగాలేక ఒక కోర్సు వదిలేశారనుకోండి. 12 క్రెడిట్ల కంటే తగ్గితే ఆడే అర్హత అక్కడికక్కడే పోతుంది. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లకు అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు ముందుగా అనుమతించకపోతే వీసా హోదా కూడా పోతుంది. ఆట బాగాలేనందుకు తీసేయలేని స్కాలర్‌షిప్‌ను అర్హత పోయినందుకు తీసేయవచ్చు. కాబట్టి కోర్సు డ్రాప్ బటన్ నొక్కే ముందు అకడమిక్ అడ్వైజర్, అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు ఇద్దరితోనూ మాట్లాడి తీరాలి.

సీజన్ చివరి సమావేశం

సీజన్ ముగిశాక హెడ్ కోచ్ ఒక్కొక్కరినీ గదిలోకి పిలుస్తారు. ఆట తగ్గినవాళ్లకు అక్కడ వినిపించే మాట చాలా మృదువుగా ఉంటుంది: వచ్చే ఏడాది నీకు ఇక్కడ అవకాశాలు తక్కువ, వేరే కాలేజీ చూసుకుంటే నీకే మంచిది. 2022లో 1-11తో ముగిసిన కొలరాడో విశ్వవిద్యాలయ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు కొత్త కోచ్‌గా వచ్చిన డియాన్ శాండర్స్ ఈ మాటను మొదటి సమావేశంలోనే అందరిముందూ చెప్పారు. ఆ తర్వాత నెలల్లో పాత ఆటగాళ్లు పదుల సంఖ్యలో వెళ్లిపోయారు.

2025 నుంచి ఈ ఒత్తిడి పెరిగింది. ఆ జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ కేసు ఒప్పందంలో (కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించే వీలిచ్చింది ఇదే) చేరిన కాలేజీలకు స్కాలర్‌షిప్పుల సంఖ్య మీద పరిమితి పోయి, జట్టులో ఉండే ఆటగాళ్ల సంఖ్య మీద వచ్చింది: టెన్నిస్‌కు 10 మంది, పురుషుల బాస్కెట్‌బాల్‌కు 15, ఫుట్‌బాల్‌కు 105. జట్టులో ఒక చోటు ఖాళీ అయితే తప్ప కొత్తవాళ్లను తీసుకోలేరు. అందుకే వెళ్లమని అడుగుతారు.

ఆ గదిలో ఏమీ ఒప్పుకోవద్దు, ఏమీ సంతకం పెట్టొద్దు. ఆలోచించి చెప్తానని బయటికి రావాలి. ఆట మానేస్తున్నానని ఈమెయిల్ పెడితే అది స్వచ్ఛందంగా మానేయడం కింద లెక్క, స్కాలర్‌షిప్ ఆపడానికి దారి దొరికినట్టే. ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల పేర్లుండే ఎన్‌సీఏఏ జాబితా) పేరు పెట్టమని రాసిస్తే రెండు పనిదినాల్లో పెడతారు, ఆ టర్ము అయ్యాక సాయం ఆపే వీలు కాలేజీకి వస్తుంది. కొత్త కాలేజీ దొరుకుతుందన్న హామీ పోర్టల్ ఇవ్వదు. పేరు పెట్టి ఎక్కడా చోటు దొరకని పిల్లలు చాలామంది ఉంటారు. అందుకని ముందు కంప్లయన్స్ ఆఫీసుకు (కాలేజీలో ఎన్‌సీఏఏ నియమాలు చూసే విభాగం) వెళ్లి మూడు సంగతులు రాతపూర్వకంగా అడగండి: జట్టు నుంచి తీసేసినా నా సాయం ఎప్పటిదాకా ఉంటుంది, మా ఆటకు పోర్టల్ ఏ తేదీల్లో తెరుస్తారు, పేరు వెనక్కి తీసుకుంటే సాయం తిరిగి ఇస్తారా.

వెళ్లడమే మేలైన సందర్భాలూ ఉన్నాయి. పిల్లలకు ఆడాలన్న కోరిక బలంగా ఉండి, కోచ్‌కు నమ్మకం పోయి, తమ స్థాయికి తగిన వేరే జట్టు ఉంటే ఇంకో రెండేళ్లు బెంచీ మీద గడపడం ఎందుకు? చదువే ముఖ్యమనుకుంటే ఉన్నచోటే ఉండి డిగ్రీ పూర్తిచేయడం గౌరవమైన నిర్ణయం. దాన్ని ఓటమిగా చూడొద్దు.

కోత లేఖ వస్తే

వచ్చే ఏడాది సాయం పొడిగిస్తున్నారా, తగ్గిస్తున్నారా, ఆపుతున్నారా అన్నది జులై 1 లోపు రాతపూర్వకంగా చెప్పాలి. మన పిల్లలు మే నెలలో హైదరాబాదుకో విజయవాడకో వచ్చేసి కాలేజీ ఈమెయిల్ తెరవడం మానేస్తారు. జూన్ అంతా రెండు రోజులకోసారి చూడమనండి. తగ్గించినా ఆపినా విచారణ కోరే హక్కు లేఖలోనే రాసి ఉండాలి. గడువు కాలేజీని బట్టి మారుతుంది, కొన్నిచోట్ల చాలా తక్కువ. ఆ విచారణను క్రీడా విభాగానికి అప్పగించకూడదన్నది నియమం. ఒప్పందం, కోచ్‌తో నడిచిన ఈమెయిల్స్, మార్కుల పత్రం, వైద్య రికార్డులు తేదీల వరసలో పెట్టి పంపండి. కోచ్ మంచివాడా చెడ్డవాడా అన్న చర్చలోకి దిగకుండా, ఆ నాలుగు కారణాల్లో ఏ కారణంతో ఆపుతున్నారో చూపమని మాత్రమే అడగండి.